కావచ్చు

సిద్ధవటం దాటి, పెన్న మలుపు తిరిగినాక
రాళ్ళబాటలో ఇంకో మూడు మైళ్ళు.
నీళ్ళశాఖోళ్ళు వదిలేసిపోయిన గోదాము,
అదే మా పరిశోధన కేంద్రం.
బోర్డు మీద సగం అక్షరాలు ఎండ తినేసింది.

నా పేరు ఓబుళమ్మ.
ఇదే కంపలో కట్టెలు కొట్టి కడపలో అమ్మినదాన్ని.
ఇప్పుడు మన్ను జల్లెడ పడతా.

పొద్దు వాలేముందు
కలివిపొదల నడుమ, బలుసుచెట్ల సందుల్లో
అయిదేసి మీటర్ల మట్టిపట్టీలు, నలభై రెండు.
పిండి జల్లించినంత సన్నంగా జల్లించి
అరచేత్తో సదును చేసి వచ్చేస్తాం.
రాత్రంతా అడవి రాసుకుంటాది,
తెల్లారి మేం చదువుతాం.

బడి మొగం నేను చూళ్ళేదు.
ఈ చదువు నఫీసా నేర్పింది,
ప్రొద్దుటూరు పిల్ల. బూటులో తేలు దూరితే
దులిపి తొడుక్కొని "చిన్నదేలే అక్కా" అనే రకం.
కుందేలు ఇట్లా, ముళ్ళపంది ఈడ్చుకుంటా ఇట్లా,
కవుజుకు వెనకేలు ఆనుతాది.
మూడే వేళ్ళుండి వెనకేలు లేదనుకో,
అరవొద్దు, తొక్కొద్దు,
ఊపిరి కూడా పక్కకు తిప్పుకో.

కలివికోడి.
మా తాత తిన్నాడంట ఒకసారి.
రుచి అడిగితే "ఉప్పెక్కువైంది" అన్నాడు, అంతే గుర్తు.
ఆ మాటనూ వదల్లేదు నఫీసా,
ఏ ఏడు, ఏ గుట్ట, ఎన్నో జాము
అడిగి అడిగి రిజిస్టర్లో ఎక్కించింది.

రేకుపెట్టెలో పదకొండేళ్ళ రిజిస్టర్లు.
మేక. మేక. కుందేలు. వాన, చెరిగిపోయింది.
నక్క. మేక.
మనుషులు ఆరుగురు, చెప్పుల్లేవు,
మడమలు లోతుగా దిగినాయి.
ఎర్రచందనమని రాయలేదు ఆ పిల్ల,
"బరువు" అని రాసింది.
కోడి గడిలో మాత్రం సున్నా, సున్నా, సున్నా.

ఒక ఆఫీసరు వచ్చి, మజ్జిగ తాగి అడిగినాడు,
పదకొండేళ్ళలో ఎన్ని చూసినారు?
ఒకటీ లేదు సార్.
మరి ఎందుకమ్మా మీకు జీతాలు?
నాలుగు నెలల్నుంచి రాలేదు సార్, అన్నా.

అప్పటికే గుట్టవతలి క్వారీకి
ఈ కంపలోంచి రోడ్డని
రాళ్ళకు సున్నం పూసిపోయినారు.

మాఘంలో ఒక తెల్లారి, ఇరవై తొమ్మిదో పట్టీ.
మూడు వేళ్ళు.
నఫీసా కడపలో ఉంది, కెమెరా బాగు చేయించను.
గొర్రెలకాడి దస్తగిరిని సిగ్నలు కోసం గుట్టెక్కించి
బియ్యంగంప బోర్లించి పక్కనే కూచున్నా.
గాలి లేచేట్టుంది.
చీపురుపుల్ల విరిచి, ఒక్కో వేలికి ఒక్కో ముక్క
కొలిచి కొంగున ముడేసుకున్నా.

మధ్యాహ్నం బస్సుకు దిగింది. గంప ఎత్తితే
నడిమివేలు చీమలు మోసుకుపోయినాయి.
బోర్లా పడుకుంది మట్టిలో, స్కేలు పెట్టి.
నా పుల్లలు కొలిచింది, మళ్ళీ కొలిచింది.
తీతువు కాదు, దానికి వెనక చిన్న గోరుంటాది.
రాత్రి లాంతరు కింద ఒకటే మాట రాసింది:
కావచ్చు.

నాకు కోపం.
"ఉండాది" అని రాస్తే నీ సొమ్మేం పోతాది?
"రాస్తే ఈ పెట్టెంతా అబద్ధమైపోతుందక్కా,
ఆ సున్నాలు కూడా."

కలెక్టరాఫీసులో బల్ల మీద పెట్టె దించినాం.
క్వారీవాళ్ళకు కావాల్సింది "లేదు" అనే మాట.
వెతికినారు. పదకొండేళ్ళలో ఎవరూ ఆ మాట రాయలేదు.
సున్నా అంటే ఆ రాత్రి రాలేదనే, అంది నఫీసా.
ఇంకో రెండు చలికాలాలు చూడమని
ఫైలు వెనక్కి పోయింది.

గెలిచినామని కాదు.
రాళ్ళ మీద సున్నం అట్లనే ఉండాది.
జీతం రెండు నెలలది వచ్చింది.
మోకాళ్ళు నొస్తాండాయి, పొద్దు వాలుతాంది,
జల్లెడ తీస్తాండా.

పుల్లముక్కలు మూడూ ఇంకా కొంగుముడిలోనే.
కోక ఉతికేరోజు విప్పి,
ఆరినాక మళ్ళీ ముడేస్తా.