ముప్పై ఒకటో ప్రాప్

కొమ్మాది దాటాక, ఎర్రమట్టి తవ్విన కొండ పక్క
నాలుగో శ్లాబు ఇవాళ.
చీకటి ఇంకా విడలేదు. సముద్రం కనబడదు గానీ
చువ్వ మీద వేలు రాసి నాకితే
ఉప్పగా తగులుతుంది.

ఆరూ నలభైకి ముహూర్తం.
గేటు బయట మిక్సరు లారీ
నెలలు నిండిన మనిషిలా
కడుపు తిప్పుకుంటూ ఆయాసపడుతోంది.
కొబ్బరికాయ, కర్పూరం, మిఠాయి పొట్లాం
అన్నీ లెక్కకి ఉన్నాయి.

నా అట్ట మీద కాగితం, ఇరవై మూడు గళ్లు.
శ్లాబు కింద టార్చి వేసుకుని
ఒక్కో ప్రాప్‌నీ చిన్న సుత్తితో తట్టి వింటాను.
ఇది ఏ కాలేజీలోనూ చెప్పలేదు.
సెంట్రింగు పనిలో మా నాన్న
సరుగుడు గుంజల్ని ఇలాగే తట్టేవాడు,
వైద్యుడు వీపు తట్టినట్టు.
ఆయన ఎడమ భుజం ఇప్పటికీ పైకి లేవదు.
ఎవరు తట్టని గుంజో మా ఇంట్లో అడగం.

ముప్పై ఒకటి దగ్గర ఒక క్యారేజీ వేలాడుతోంది.
తవిటమ్మది. చోడంబలి వాసన.
కొక్కెం బాగుందని తగిలించిందట.
తీసి చూస్తే
అది కొక్కెం కాదు,
పిన్ను ఉండాల్సిన కన్నంలో
ఎవరో వంచి దోపిన చువ్వముక్క.

"ఏటమ్మా, ఒక్క పిన్నుకేనా?
హుద్‌హుద్‌ నాడు పరంజీ మీదున్నోణ్ణి నేను.
నువ్వప్పుడు బళ్లో ఉండుంటావు."
అసిరయ్య మేస్త్రి అబద్ధమాడడు. బళ్లోనే ఉన్నాను.
ఓనరు ఫోను మోగింది. మళ్లీ మోగింది.
ముహూర్తానికి నిమిషం లెక్క ఉంది,
ప్రాప్‌కి పిన్ను లేదు.
ఇరవై రెండో గడి ఖాళీగా ఉంచి
పెన్ను జేబులో పెట్టుకున్నాను.

మధురవాడ నుంచి బండి మీద పిన్ను వచ్చేసరికి
ఎండెక్కింది, ముహూర్తం పోయింది,
మొదటి లారీ వెనక్కి పోయింది.
నాతో ఎవరూ మాట్లాడలేదు.
మిఠాయి కూడా నా దాకా రాలేదు.
అప్పుడు పెట్టాను సంతకం. రెండే అక్షరాలు.
వాటి మీదికి
బొచ్చెలతో, గొట్టంతో, వైబ్రేటరుతో
పదకొండు మంది ఎక్కారు.

శ్లాబు అయ్యాక డైరీలో రాశాను:
ఏమీ జరగలేదు.
ఆ రెండు మాటలకీ
గంటా పది నిమిషాలు పట్టింది.

దిగిపోతూ తవిటమ్మ ఆగింది.
"కొక్కెం పీకించేసావు.
రేపట్నుంచి నా క్యారేజీ ఎక్కడ ఎట్టుకోను?"

మెట్ల గోడకి ఒక మేకు కొట్టించాను.
దాన్నీ తట్టి చూశాను.