దారం

నార్వే నుంచి అచ్చిందట మారిట్.
తాడ్వాయి దాటినంక రోడ్డు లేదని చెప్తే
నవ్వింది. వాగు కాడ నవ్వు ఆగింది.
బూట్లు నెత్తిన వెట్టుకొని
నా చెయ్యి ఇడువకుంట దాటింది.

తునికి కొమ్మకు కాంటా కట్టి
జోగి బిడ్డను సంచిల కూసోవెట్టినం.
ముల్లు ఆగిందో లేదో
కొత్తగ నేర్సుకున్న తెలుగుల గట్టిగ సదివింది:
"ఐదు కిలోల ఏడు వందలు!"

జోగి పిల్లను గుంజుకొని గుడిసెలకు వోయింది.
తూకం పైకి అనొద్దు, దిష్టి.
ఆశా కార్యకర్తనని పదేండ్ల సంది తిరుగుతున్న,
ముందుగాల చెప్పకపోవుడు నా తప్పే.

మల్ల వారం మారిట్ నోరు మెదపలే.
రిజిస్టర్ల రాసి అరచేత మూసింది.
జోగి ఆమెకు ఇప్పపూల లడ్డు వెట్టింది,
నాకు వెట్టలే.

వానలు వడకముందే వోయింది.
దసరా అయినంక ఉత్తరం:
జోగి బిడ్డ ఇప్పుడెంత తూగుతున్నది?

పెన్ను వట్టిన. అంకె రాయబుద్ధి కాలే.
పిల్ల జబ్బకు దారం చుట్టి
కొసలు కలిసిన కాడ తెంపి
కవర్ల వెట్టి అతికిచ్చిన.

తాడ్వాయి పోస్టాయన అటిటు తడిమి సూసి
"ఇండ్ల ఏం లేదు గదమ్మా" అన్నడు.