లోపం అనే గడి

టొరీనో నుంచి నేను తెచ్చుకున్నవి
ఒక భూతద్దం, సన్నని కొలబద్ద, గళ్లు గీసిన కాగితాలు.
సార్డీనియా కొండల్లో, సొరుగు లాగిన ప్రతిసారీ
కాలిన కొమ్ము వాసన వేసే గదిలో
ఎఫీజియో కొరోంగియు చేసి, అమ్మక, మిగిల్చి వెళ్లిన
నలభై ఒక్క కత్తులు.
వెల కట్టమన్నారు.
కట్టేముందు విడదీయాలి కదా, గింజల్నీ రాళ్లనీ.

అలుగును బట్టి మొదటి వరస:
మిర్టిల్ ఆకులా నడుమ విప్పారి కొసకి సన్నగిల్లేవి ఇరవయ్యారు,
తోలు ఒలవడానికి పొట్ట ఉబ్బినవి తొమ్మిది,
ద్రాక్ష తీగలకి అంటుకట్టేవాళ్లవి, మొన లేనివి, అయిదు.
మడతలు పెట్టి సాగగొట్టిన ఉక్కు
గాలికి కదిలిన చెరువులా గీతలు గీతలుగా మెరుస్తుంది.
లారీ స్ప్రింగు పట్టీతో చేసింది మెరవదు
కానీ గోటి మీద ఆనిస్తే జారదు.
ఒక ఒరలో రెండు ఇమడవంటారు.
వీటికసలు ఒరే లేదు,
తన పిడిలోకి తనే ముడుచుకుంటుంది ప్రతిదీ.
తాళం లేదు, కొమ్ము బిగువే కాపలా.
విప్పేటప్పుడు చెవి దగ్గర పెట్టుకుంటాను:
మంచి కత్తి టక్కుమనదు,
పెదవులు విడివడినంత చప్పుడు.
ముప్పై ఏళ్లుగా ఇదే నా కూడు.

నలభై ఒకటో దాని దగ్గర ఆగాను.
పొన్ను పక్కకి ఒరిగింది.
పిడి ఒకవైపు బండగా, ఇంకోవైపు గుంటపడి
ఎవరో కొరికి వదిలేసిన ఖర్జూరంలా.
మేకు కింద బిళ్ల వేరే లోహం, అతకలేదు.
ఎలా పట్టుకున్నా చేతికి అడ్డం తిరుగుతోంది.
లోపం అనే గడిలో రాశాను:
‘చెయ్యి వణికే వయసులో చేసినది. మూడో తరగతి.’

బొనారియా, ఆయన భార్య,
కాగితం చదవడానికి కళ్లజోడు వెతుక్కోలేదు.
నా ముఖం చదివింది.
“ఇలా తే” అని నా కుడిచెయ్యి లాక్కుని
చిటికెన వేలూ ఉంగరపు వేలూ లోపలికి మడిచి
కత్తి పెట్టింది.

కుదిరింది.
గుంటలో బొటనవేలు, ఒరిగిన పొన్ను మీద చూపుడువేలు,
పాలు తాగిన బిడ్డ భుజమ్మీద వాలినట్టు.

“గావినోది” అంది. “జున్ను నొక్కే రాతి కింద
రెండు వేళ్లు పోయాయి. ఆర్నెల్లు గడప దాటలేదు.
మా ఆయన మైనం ముద్ద పట్టుకెళ్లి
ఆ పిడికిలిని అచ్చు దించుకొచ్చాడు.
తీసుకోకుండానే పోయాడు గావినో.
కత్తి ఊరికే పుచ్చుకోకూడదని నాణెం మాత్రం
ముందే ఇచ్చాడు. అదిగో, నువ్వు అతకలేదన్న బిళ్ల.”

తరవాత నా వరసలన్నీ కలిపేసింది,
కసిగా కాదు, పప్పు చెరిగినంత తీరిగ్గా.
ఎడమచేతివాళ్లవి ఇటు.
అప్పు తీర్చనివాళ్లవి అటు, అవే ఎక్కువ.
పెళ్లి తప్పిపోయాక తిప్పి పంపింది ఒక్కటే, కిటికీలో.
ఒకదాన్ని ఏ కుప్పలోనూ వెయ్యక ఒళ్లో పెట్టుకుంది.
“ఇది ఎవరికో నాకూ చెప్పలేదు.”

ఇలాంటి గళ్లు నా కాగితాల్లో లేవు.
వేలంపాట వాళ్లు ఒప్పుకోరు.
మూడో తరగతి కొట్టేశాను.
మొదటిదని రాయడానికీ చెయ్యి రాలేదు,
అక్కడ కాగితం కాస్త చిరిగింది.

బయల్దేరుతుంటే నా అరచెయ్యి మళ్లీ తిప్పి చూసింది
సంతలో గొర్రె పళ్లు చూసినట్టు.
“వెడల్పు చెయ్యి. బొటనవేలు పొట్టి.
మైనం ఉంది ఇంట్లో” అంది.
కాసేపాగి,
“కొలిమే ఆరిపోయింది.”

బస్సు రేవు చేరేదాకా
నా కుడిచేతి రెండు వేళ్లు
మడిచే ఉంచాను.