బ్యారన్ కర్ర

ఒంగోల్లో డాక్టరు కాయితం మీద
రెండే ముక్కలు రాశాడు:
నడక. తీపి మానెయ్.
షుగరు రెండొందల నలభై అని చెప్పేటప్పుడు
నాకంటే ఆయన మొహంలోనే దిగులెక్కువ.

నడిచాను.
టంగుటూరు సెంటర్లో మొదలుపెట్టి టోల్‌గేటు దాకా,
తొమ్మిది రోజులు.
లారీ పోయినప్పుడల్లా నా కొంగు
దాని వెంట పోవాలని చూసేది.
పాలకేంద్రం కాడ ప్రతి మనిషీ అడిగేవాడే,
"యాడికమ్మే చెంచురత్నం, ఇంత పొద్దున్నే?"
యాడికీ కాదు.
యాడికీ కాని నడక ఎన్నాళ్లు నడుస్తాం?
పదో రోజు పక్క దిగలా.
కాళ్లనొప్పి కాదు, విసుగు.
విసుగుకి ఆయన మాత్ర రాయలేదు.

సీజను అయిపోయిన బ్యారన్ ముందు
ఖాళీ దొడ్లో
సిలారు తాత పీర్ల పండక్కి పిల్లకాయల్ని తయారు చేస్తన్నాడు.
డెబ్బై దాటినోడు.
పగలంతా సైకిల్ ట్యూబులకి అతుకులేసే చేతులు
కర్ర పట్టుకుంటే
గాలి మీద గీత పడుద్ది,
ఆ గీత కాసేపు ఉంటది కూడా.

గోడ పక్కన నిలబడి చూస్తన్నా.
"చూస్తే వచ్చేదా ఇది?
కొంగు దోపుకో" అన్నాడు, నా వైపు తిరక్కుండానే.

నేను కర్ర ఎరగనిదాన్నా?
ఇరవై ఆరేళ్లు ఇదే బ్యారన్లో
పచ్చాకు కర్రకి అల్లి
దూలాల మీద మొగోళ్లకి పైకి అందించాను.
కర్రంటే నాకు లెక్క.
కర్రంటే భుజంలో పోటు, శనివారం కూలి.
దాన్ని తిప్పొచ్చని
ఇన్నేళ్లలో ఒక్కరూ అనలా.

తొలిరోజు నా మోకాటి చిప్ప నేనే పగలగొట్టుకున్నా.
పిల్లకాయలు నేలమీద పడి నవ్వారు.
తాత నవ్వలా.
"మంచిదే, ఎదుటోడికి పని తగ్గించావు" అన్నాడు.

నాకు జోడీ ఎనిమిదో తరగతి ఖాజా.
"పెద్దమ్మా, కుడికాలు!
పెద్దమ్మా, చూపు కర్ర మీద కాదు, నా భుజం మీద!"
వాడు లెక్కల్లో తప్పుతాడంట.
ఇక్కడ మాత్రం నా అడుగులన్నీ వాడి నోట్లో లెక్కే.

నడకనయితే రేపు చూద్దాంలే అనొచ్చు.
కర్రతో అట్టా కుదరదు.
నిన్న తప్పిన దెబ్బ
తెల్లారుజామున మూడున్నరకి వచ్చి
నా మణికట్టు పట్టుకుని లేపుద్ది.
చీకట్లో వంటింట్లో
అప్పడాల కర్రతో ఎనిమిది అంకె గీస్తా,
ఒకసారి, ఇరవైసార్లు.
రెండు గిన్నెలు సొట్టలు పోయినయ్యి.
మా ఆయన ఈమధ్య
ఒక బార దూరంలో నిలబడి అన్నం పెట్టమంటన్నాడు.

ఎవరినీ కొట్టాలని లేదు నాకు.
ఉన్నా, కొట్టాల్సినోళ్లు
కర్రకందే దూరంలో లేరు.
ఊపిరి బొడ్డు కాడి నించి లేచి
భుజం దాటి, చేతిలోంచి
కర్ర చివరికి పోయి
"హూ" మన్నప్పుడు
ఈ ఒళ్లు నాదేనని ఒక నమ్మకం, అంతే.
పుట్టినప్పటి నించీ దీన్ని
ఎవరి పనికో బాడుగకిచ్చినట్టుండేది.

కార్తీకంలో మళ్లా ఒంగోలు పోయా.
నూట డెబ్బై నాలుగు.
"చూశావా, నడక ఎంత మంచిదో!"
అవునండీ అన్నా,
మోచేతి కింద కమిలిన మచ్చ మీదికి
కొంగు లాక్కుంటా.

మాఘం వచ్చింది. బ్యారన్ రాజేశారు.
దొడ్డి నిండా పచ్చాకు, కర్రల మోపులు,
సాముకి చోటు లేదు.
తాత సైకిళ్ల కాడ దగ్గుతా కూర్చున్నాడు.
ఖాజాగాడికి పరీక్షలు.
ఆకు అల్లిన కర్ర పైకి అందించబోతన్నా,
పైన సుబ్బరాయుడు చెయ్యి చాపే ఉన్నాడు,
నా మణికట్టు
నన్నడక్కుండానే
ఒక్క తిప్పు తిప్పింది.

ఆకంతా అందరి నెత్తిన.
మేస్త్రి కేకలు.
నలభై మంది ఆడోళ్ల నవ్వు
వేడి గొట్టాల మధ్య తిరగతా ఉంది.

నవ్వు ఆగినాక
మూలనించి వీరాలు లేచొచ్చి,
బంకంటిన చేతులు పైటకి తుడుచుకుంటా,
చెవి కాడ గుసగుసగా అడిగింది:
"అమే, ఇంకోసారి తిప్పవా,
నిదానంగా?"