మూడో గేరు

పలాసలో జీడిపప్పు డబ్బాలేసుకుని
కోటబొమ్మాళి దాటినానో నేదో
మూడో గేరు జారిపోనాది.
కొని పదకొండు రోజులు.
బానెట్ మీద పసుపు ఇంకా ఆరనేదు.

షోరూమోడు "లోడెక్కువ" అన్నాడు.
రెండోపాలి "డ్రైవరు తప్పు" అన్నాడు.
మూడోపాలి ఏటీ అననేదు,
టీ ఇప్పించినాడు.

బండి ఆల షెడ్డులోనే ఉంది.
ట్రాలీలో కుక్క పిల్లలెట్టింది.
బండి నడవదు గాని
కిస్తీ నడుస్తాది.
పొద్దున్న ఏడుకి ఒక ఫోను,
అన్నం ముద్ద కాడ ఒకటి,
మా అత్త దినం నాడు మూడు.

నిన్న ఫోన్లో ఆడపిల్ల
కాయితం సదివినట్టు సదివి సదివి
ఉన్నట్టుండి గొంతు తగ్గించింది:
"బావూ, మాదీ రాజామే.
కాయితాలన్నీ దాసినారా?
ఒక్కటీ పారెయ్యకండి."
మళ్లా గట్టిగా,
"ఎప్పుడు కడతారు సార్?"

ఇయ్యాల సికాకుళం, వినియోగదారుల కోర్టు.
కంపెనీ వకీలు రానేదు.
వాయిదా.
వరండాలో బల్లమీద
సంచి ఒళ్లో ఎట్టుకుని కూకున్నాను.
పదిహేడు జాబ్ కార్డులు,
టోయింగు రసీదులు,
వొచ్చినెళ్లిన బస్సు టిక్కెట్లూ.

ఫోను మోగతంది.
నువ్వేనా తల్లీ?
ఏటీ పారెయ్యనేదు.