బడ్జెట్‌లో లేదు

ఫిబ్రవరి మాకు బేరాల కాలం.
అంబత్తూరు ఎస్టేట్, మూడో వీధి, నీటి పంపుల కంపెనీ,
నా బల్ల మీద రెండొందల పద్నాలుగు పేజీల స్పైరల్ పుస్తకం.
ఏడు కావలసిన గుణశీలన్ పది అడిగేవాడు
నేను మూడు కోస్తానని తెలిసి.
పది అడిగాడు కనక నేను మూడు కోసేదాన్ని
అతనికి ఏడే కావాలని తెలిసి.
ఇద్దరం సంతకాలు పెట్టి, ఫిల్టర్ కాఫీ తాగి,
ఆ అబద్ధానికి ఏడాది ఆయుష్షు పోసేవాళ్ళం.

మార్చి ఆఖరుకి మిగిలిన డబ్బు పాపంతో సమానం.
ఖర్చవకపోతే వచ్చే ఏడు కోత.
అలా వచ్చాయి నలభై తిరిగే కుర్చీలు.
ప్లాస్టిక్ విప్పకుండా ఇప్పటికీ స్టోర్స్‌లో
ఒకదాని మీద ఒకటి కూర్చుని ఉన్నాయి.

ఆ డిసెంబరు వాన గురించి చెప్పాలి.
మూడు రాత్రులు.
వేళచ్చేరిలో సెల్లార్లు, కొరట్టూరులో వంటిళ్ళు,
ఊరంతా పంపు కోసం ఫోన్ చేసింది.
గుణశీలన్ మోకాళ్ళ దాకా తడిసి వచ్చాడు:
"ఓవర్‌టైమ్ ఇవ్వండమ్మా, మోటార్లున్నాయి, మనుషులున్నారు."
నేను నూట ముప్పై ఏడో పేజీ తీశాను.
ఆ పద్దు అక్టోబరులోనే అయిపోయింది.
"బడ్జెట్‌లో లేదు" అన్నాను.
నా గొంతు చాలా మర్యాదగా ఉంది.
ఎదురు పేజీలో, శిక్షణ ప్రయాణాల పద్దు కింద
నాలుగు లక్షలు
ఒక్క చుక్క తగలకుండా పొడిగా ఉన్నాయి.

వాన వెలిశాక పుస్తకం మానేశాం.
ఇప్పుడు ప్రతి నెలా కూర్చుంటాం.
ఒక నెల వెనక రాలిపోతుంది, ఒక నెల ముందు మొలుస్తుంది,
ఎప్పుడు చూసినా పన్నెండే.
పోయినేడు ఎంతిచ్చాం అని ఎవరూ అడగరు,
ఇది అసలెందుకు అంటారు, సున్నా దగ్గర నుంచి.
లక్ష్యం వేరు, అంచనా వేరు, చేతిలో డబ్బు వేరు.
మూడింటినీ ఒకే గడిలో కుక్కిన రోజులు పోయాయి.

పోయాయనే అంటాను గానీ
ఏప్రిల్ ఒకటిన కాస్త ఊపిరాడేది.
ఇప్పుడు ఏడాదికి గట్టు లేదు.
ఎంత నడిచినా అంచు పన్నెండు నెలల దూరంలోనే.
కొన్ని రాత్రులు ఆ లావు పుస్తకం మీద బెంగ పుడుతుంది:
తప్పులతడకే, కానీ
మూసేయడానికి ఒక అట్ట ఉండేది.

నిన్న గుణశీలన్ షీటు పంపాడు.
నవంబరు గడిలో అంకె లేదు.
"తెరియాదు. మళై పాత్తు సొల్రేన్."
తెలియదట. వాన చూసి చెప్తాడట.
మా రెండు భాషల్లోనూ ఇంచుమించు ఒకటే ఆ మాట,
పదకొండేళ్ళలో ఒక్కసారీ
ఇద్దరిలో ఎవరం అనలేదు.

వెనక్కి పంపలేదు.
గడి వెడల్పు కొంచెం పెంచాను,
మాట పూర్తిగా కనబడేలా.