కట్‌కి పది మాటలు

హెప్సిబా టీచర్ హోంవర్కు ఇచ్చింది.
'కట్' అనే మాటకి
అదే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలు పది.
ఆఫ్రీన్ పెన్సిల్ కొరుకుతా
నా మిషను పక్కన చతికిలబడింది.

చాప్, స్లైస్, ట్రిమ్, స్నిప్.
నాలుగు రాసి ఆగింది.
"రోజంతా నువ్వు చేసేదదేగా, చెప్పమ్మా."

నాకు ఇంగ్లీషు రాదు.
ఆ ఒక్క మాటా వచ్చు.
వన్‌టౌన్‌లో పేరయ్య మేస్త్రి దగ్గర
పదకొండేళ్ళు కాజాలు తీశాను, హుక్కులు కుట్టాను.
కత్తెర మాత్రం ముట్టనిచ్చేవాడు కాదు.
"కుట్టు తప్పితే విప్పుకోవచ్చు సైదాబీ,
కట్ తప్పితే గుడ్డ మనకి, బాకీ మన నెత్తికి."

క్రాస్ కట్, ప్రిన్సెస్ కట్.
వద్దంది. అవి జాకెట్లట, అర్థాలు కావట.

సరే, ఇవి రాసుకో.
శుక్రవారం కరెంటు కట్:
మోటారు ఆగి, రేపిస్తానన్న చీర
సూది కింద అట్టాగే పడుండటం.
సింగ్‌నగర్ సెంటర్లో బండి మీద కట్ మిర్చి:
ఒకసారి వేగినదాన్ని ముక్కలు చేసి
మళ్ళీ నూనెలో వెయ్యటం.
ఈ అర్థం నాకు బాగా తెలుసు.
ఆటోనగర్లో మీ నాన్న గ్యాస్ కటింగు:
లారీ ఛాసిస్‌ని నీలం మంటతో కొయ్యటం.
ఒక పూట పోకపోతే కూలిలో కట్.
కొత్త బండెక్కి మీ బాబాయి ఇచ్చే కటింగులు.
మీ పెద్దమ్మ ఫోనెత్తి, అలో అని,
నా గొంతు ఆనవాలు పట్టి,
కట్.

"అవన్నీ ఒకటే మాటమ్మా!
టీచర్ అడిగింది ఒక్క అర్థానికి పది మాటలు.
నువ్వు ఒక్క మాటకి పది అర్థాలు చెప్తున్నావు."

నిజమే.
మన దగ్గర మాటలు తక్కువ.
ఒక్కదాన్నే ఇంటిల్లిపాదీ తొడుక్కుంటాం,
అక్క గౌను చెల్లికి దించినట్టు,
నడుం దగ్గర టక్కులు పట్టి.

గోడ మీద గీత ఇంకా ఉంది,
నా ఛాతీ ఎత్తున, బురద రంగున.
రెండుసార్లు సున్నం వేశాం.
రెండుసార్లూ పైకి తేలింది.
బుడమేరు కట్ట తెగిన ఆదివారం
కరెంటు కట్, ఫోన్లు కట్, దారి కట్.
పక్కింటివాళ్ళ మేడ మీద ఆరు రోజులు.
కింద నీళ్ళలో నా మిషను,
ఎవరెవరి కొలతల జాకెట్లో.
పడవలో పాల ప్యాకెట్లు అందుకోబోయి
బాజీ అరచెయ్యి రేకుకి కోసుకుంటే
సంచీలో మిగిలిన లైనింగు గుడ్డ చింపి
కట్టు కట్టాను.
ఆ గుడ్డ నాది కాదు.
దాని డబ్బులు రెండు నెలల తర్వాత కట్టాను.

ఇదిగో, అప్పుడు తట్టింది.
మన ఊళ్ళో ఏ ఇంగ్లీషు మాటా వట్టిగా నిలబడదు.
చివరో కొమ్ము తగిలిస్తేగాని నోరు తిరగదు:
బస్సు, రోడ్డు, లైటు.
వాళ్ళు కోసి పడేసిన మాటకి
ఆ కొమ్మే తగిలించి చూడు, ఆఫ్రీన్.
కట్టు.
గాయానికి కట్టు. ఇంటికి అద్దె కట్టు.
చీర కట్టు, స్కూలు ఫీజు కట్టు,
తడిసిందేదో తడవందేదో ఏరి మూట కట్టు.
తెగినచోటే బస్తాలేసి
మళ్ళీ కట్ట కట్టు.

పిల్ల నా వంక జాలిగా చూసింది.
"అది వ్యతిరేక పదమమ్మా.
రాస్తే టీచర్ ఇంటూ కొట్టుద్ది."

ఫోన్లో వెతుక్కుని ఇంకో అయిదు రాసింది.
పలకటం నాకు రాలేదు.
పదో అంకె వేసి, పక్కన చుక్క పెట్టిందో లేదో
కరెంటు పోయింది.

చీకట్లో వేళ్ళతో తడుముకుని
జాకెట్ అంచున వేలాడే దారాన్ని
పళ్ళతో పుటుక్కుమనిపించాను.

"దీన్నేమంటారమ్మా, ఇంగ్లీషులో?"

తెలీదు.
ముందు ముడేశాను, అది రాసుకో.